వైట్ బోర్డు విమానం

పోయిన నెలలో ఒక రాత్రి పదిన్నరప్పుడు హైదరాబాదు నుంచి మా మేనల్లుడి ఫోను. "మామా, శనివారం పొద్దున రేణిగుంటకి కారు తెస్తావా, ఫ్లైట్లో వస్తున్నాం." ఎన్నింటికి దిగుతుందిరా, ఇండిగోనా అంటే నవ్వాడు. ఇండిగో కాదంట, వాళ్ల బాసు స్నేహితుడి సొంత విమానమంట. ఆయనే నడుపుతాడు, ఆయనతో కలిపి నాలుగు సీట్లు. తెల్లారి బేగంపేటలో లేస్తే టిఫిన్ వేళకి ఇక్కడ, కొండకి పోయి రూ.300 టికెట్టు దర్శనం చేసుకుని, పొద్దు గూకే లోపల మళ్లీ హైదరాబాదు. తలకి ముప్పై అయిదు వేలు. "పెట్రోలు ఖర్చులే మామా, ఆయన లాభమేం చూసుకోడు."

అబద్ధమెందుకు, నాకూ కాస్త అసూయ పుట్టింది. సెక్యూరిటీ క్యూ లేదు, బెల్టు విప్పి ట్రేలో వేసేది లేదు, కిటికీ పక్కన కూర్చుని శేషాచలం మొత్తం చూసుకుంటూ దిగొచ్చు. వాడు ఫోను పెట్టేసే ముందు ఇంకొక్క మాట అన్నాడు. "ఎవరైనా అడిగితే ఫ్రెండ్స్‌మి అని చెప్పమన్నారు, అంతే."

దాంతో నా నిద్ర ఎగిరిపోయింది. నేను ఇరవై నాలుగేళ్లుగా తిరుపతిలో వాహనాల ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని. యాక్సిడెంటైన బండి దగ్గరికి పోయి, నష్టం ఎంతో లెక్కగట్టి, కంపెనీకి రిపోర్టు రాసే పని. విమానాలు నా లైను కాదు. కానీ ‘ఎవరైనా అడిగితే బంధువులమని చెప్పండి’ అనే మాట మాత్రం నా లైనే. దాని మీద ఎన్ని రిపోర్టులు రాశానో లెక్క లేదు.

అన్న కొడుకు పేరు

తిరుపతిలో వైట్ బోర్డు, అంటే తెల్ల నంబరు ప్లేటున్న సొంత బండిని కిరాయికి తిప్పడం, దాని గురించి కొత్తగా చెప్పేదేముంది. స్టేషన్ బయటికి రాగానే ‘కాణిపాకం, కాళహస్తి, గోల్డెన్ టెంపుల్’ అని పిలిచేవాళ్లలో సగం మందివి సొంత వాడకానికి రిజిస్టరైన కార్లే. ఎల్లో బోర్డు ట్యాక్సీ కంటే ఐదారొందలు తక్కువ పడుతుంది, బండి కొత్తగా ఉంటుంది, డ్రైవరు మర్యాదగా మాట్లాడతాడు. పాలసీ కాగితంలో మాత్రం, ఎవరూ చదవని చోట, ‘కిరాయికి గానీ ప్రతిఫలానికి గానీ వాడకూడదు’ అని ఉంటుంది.

ఏడెనిమిదేళ్ల కిందట కాణిపాకం దారిలో తెల్లవారుజామున ఒక ఎర్టిగా పోయి, వెనక లైటు లేని చెరకు ట్రాక్టరుని గుద్దింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. నేను ఆసుపత్రికి పోయేసరికి పెద్దావిడ కాలికి బరువులు కట్టి వేలాడదీసి ఉన్నారు. డ్రైవరు మీకేమవుతాడమ్మా అని అడిగాను. "మా అన్న కొడుకు బాబూ" అంది, తడుముకోకుండా. పేరేంటమ్మా అన్నాను. ఆవిడ కొడుకు వైపు చూసింది, కొడుకు సెలైన్ బాటిల్ వైపు చూశాడు. కాసేపాగి "చిన్నప్పటి నుంచీ నాని అనే పిలుస్తాం" అంది. డ్రైవరు పేరు మురుగేశన్, ఊరు గుడియాత్తం.

నవ్వొచ్చింది, వెంటనే నా మీద నాకే చీదరేసింది. ఎముక విరిగి పడుకున్న మనిషి, ముందురోజు దాకా మొహం కూడా తెలియని బండి యజమానిని కాపాడటానికి నా ముందు అబద్ధమాడుతోంది. ఆ అబద్ధం వల్ల ఆవిడకి ఒరిగేది ఏమీ లేదు. లాభం మొత్తం యజమానిది. అయినా ఆమె తన సొంత రహస్యాన్ని దాచుకున్నట్టే దాచింది. మాట ఇచ్చి బండెక్కాం కదా, అంతే.

నేలమీద అయినా, అంత అబద్ధం తర్వాత కూడా, కొంత ఆసరా ఉంది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఉంది. ప్యాకేజీ పాలసీ అయితే కారులో కూర్చున్నవాళ్ల కోసం అడగొచ్చు. ఫలానా షరతు తప్పారని కంపెనీ మొండికేసినా, ముందు బాధితుడికి కట్టి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పిన సందర్భాలు బోలెడు. కిరాయికి తిప్పిన సొంత కారు విషయంలో కూడా పూర్తిగా ఎగ్గొట్టకుండా ‘నాన్ స్టాండర్డ్’ పద్ధతిలో కొంతైనా ఇవ్వమని 2010లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఏళ్లు పట్టినా, చెప్పులరిగినా, ఒక గుమ్మం అంటూ ఉంది.

ఆకాశంలో ఆ గుమ్మం ఎక్కడుందో చూద్దామని ఆ రాత్రి కూర్చున్నాను. మా ఆవిడ ఒంటి గంటకి లైటు ఆర్పమని తిట్టింది.

నాంత్ నుంచి కార్డిఫ్‌కి

నేను ఫుట్‌బాల్ చూడను. ఎమిలియానో సాలా అనే అర్జెంటీనా ఆటగాడి పేరు ఈ సంగతి వెతుకుతుంటేనే తగిలింది. 28 ఏళ్లవాడు. ఫ్రాన్సులోని నాంత్ క్లబ్బు నుంచి బ్రిటన్‌లోని కార్డిఫ్ క్లబ్బు కోటిన్నర పౌండ్లకి కొనుక్కుంది. 2019 జనవరి 21 రాత్రి, పాత జట్టువాళ్లకి వీడ్కోలు చెప్పి కార్డిఫ్‌కి బయల్దేరిన చిన్న విమానం ఇంగ్లిష్ ఛానల్లో గెర్న్సీ దీవి దగ్గర కూలిపోయింది. 1984లో తయారైన పైపర్ మాలిబు, ఒకటే ఇంజను.

కోటిన్నర పౌండ్ల మనిషిని తీసుకెళ్లే విమానం ఎలా కుదిరిందో చూడండి. ఏర్పాటు చేసింది డేవిడ్ హెండర్సన్ అనే ఆయన. తను భార్యతో పారిస్‌లో ఉండి కుదరక, డేవిడ్ ఇబ్బట్సన్‌కి అప్పజెప్పాడు. ఇబ్బట్సన్‌కి ఉన్నది ప్రైవేటు పైలట్ లైసెన్సు, డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకునే హక్కు లేదు. రాత్రిపూట నడిపే అర్హత లేదు. ఆ రకం విమానం నడపడానికి ఉండాల్సిన రేటింగ్, అంటే విడిగా ఇచ్చే అనుమతి, అంతకు ముందు నవంబరులోనే గడువు తీరిపోయింది. అన్నిటికన్నా నన్ను ఆపేసిన సంగతి, ఆ విమానం వ్యవహారాలు చూసేవాళ్లు ‘ఇతన్ని మళ్లీ ఎక్కనివ్వొద్దు’ అని హెండర్సన్‌కి ముందే చెప్పి ఉన్నారు.

దర్యాప్తులో తేలింది కార్బన్ మోనాక్సైడ్. సాలా రక్తంలో అది పట్టిన శాతం 58. ఇలాంటి చిన్న విమానాల్లో లోపల చలి కాయడానికి వెచ్చటి గాలిని సైలెన్సరు చుట్టూ తిప్పి తీసుకుంటారు. ఆ సైలెన్సరుకి చిన్న పగులు వస్తే చాలు, పొగ గాలితో పాటే లోపలికొస్తుంది. వాసనుండదు, రంగుండదు. తలనొప్పి, మగత, ఆ తర్వాత మెదడు మొద్దుబారడం. పైలట్‌కీ అదే పట్టి ఉంటుందని, విమానం తట్టుకోగల వేగం దాటిపోయి గాల్లోనే విరిగిందని రిపోర్టు చెప్పింది. ఇబ్బట్సన్ శవం ఇప్పటికీ దొరకలేదు. మోగి హెచ్చరించే పరికరం ఒకటి ఉండుంటే తెలిసేది. మన లెక్కలో కొన్ని వేల రూపాయల వస్తువు. బ్రిటన్‌లో, పైలట్లు కానివాళ్లని ఎక్కించుకునే పిస్టన్ ఇంజను విమానాల్లో అది తప్పనిసరిగా ఉండాలని 2025 జనవరి 1 నుంచి పెట్టారు.

కూలిన వెంటనే హెండర్సన్ చేసిన పని తెలిసినవాళ్లకి మెసేజులు పంపడం, నోరు విప్పొద్దని. 2021 నవంబరులో కోర్టు అతనికి పద్దెనిమిది నెలల జైలు వేసింది. ఆ మెసేజుల సంగతి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది కాణిపాకం ఎర్టిగా యజమాని. నాకంటే ముందే ఆసుపత్రికి పోయింది అతనే, యాపిల్ పళ్లు పట్టుకుని, ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్పడానికి.

‘ఫ్రెండ్’ అనే మాటకి ధర

మన దేశంలో ఏం రాసుందో వెతికాను. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో, ఏ రూపంలోనైనా సరే ప్రతిఫలం తీసుకుని మనుషుల్ని తీసుకెళ్తే అది పబ్లిక్ ట్రాన్స్‌పోర్ట్ కింద లెక్క. అలా తిప్పేవాళ్లకి విమానాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఇచ్చే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ ఉండాలి, నడిపేవాళ్లకి కమర్షియల్ లైసెన్సు ఉండాలి. కమర్షియల్‌కి కనీసం 200 గంటలు నడిపి ఉండాలి, ప్రైవేటు లైసెన్సుకి 40 చాలు. ఈ రెండు అంకెల మధ్య తేడాని పెట్రోలు ఖర్చు అనే మాటతో కప్పేస్తున్నాం.

పెట్రోలు పంచుకుంటే తప్పేంటి అని మేనల్లుడు అడిగాడు, న్యాయమైన ప్రశ్నే. యూరప్‌లో దానికి ఒక దారి పెట్టారు, ప్రైవేటు పైలట్ తన వాటా తనూ పెట్టుకుని ఆరుగురి దాకా ఖర్చు పంచుకోవచ్చు. అక్కడ నియమం పైకే ఉంది కాబట్టి నోరు మూసుకోమని ఎవరూ చెప్పక్కర్లేదు. మనవాడికి చెప్పారు. ముగ్గురు తలకి ముప్పై అయిదు వేలు వేసుకుంటే లక్షా అయిదు వేలు. నడిపే ఆయన వాటా ఎంతరా అంటే, వాడు అడగలేదంట.

ఇప్పుడు ‘ఫ్రెండ్స్‌మి’ అని చెప్పారనుకుందాం, విమానానికి ఏదో అయిందనుకుందాం. మూడు చోట్ల ఆ మాట తిరిగి వచ్చి తగులుతుంది.

మొదటిది విమానం పాలసీ. దాంట్లో ఏ పనికి వాడతారు, ఎవరు నడుపుతారు అనేది షెడ్యూలులో రాస్తారు. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ మీద కిరాయి మనుషుల్ని ఎక్కిస్తే, విరిగిన విమానానికీ కవర్ పోతుంది, లోపల కూర్చున్నవాళ్లకి ఇవ్వాల్సినదానికీ పోతుంది. మా మోటారు పాలసీలో ఉన్న వాక్యమే, కాకపోతే ఇక్కడ ‘ముందు కట్టి తర్వాత వసూలు చేసుకో’ అని చెప్పే ట్రిబ్యునల్ లేదు. సివిల్ కోర్టుకి పోవాలి, ఆయన ఆస్తి మీదికి పోవాలి, ఆయన కూడా అదే విమానంలో పోయుంటే ఆయన భార్యాపిల్లల మీదికి పోవాలి.

రెండోది, విమాన ప్రయాణికులకి పరిహారం ఇప్పించే 1972 నాటి క్యారేజ్ బై ఎయిర్ చట్టం. అది డబ్బు తీసుకుని చేసే రవాణాకి వర్తిస్తుంది. ఊరికే తీసుకెళ్లినా వర్తిస్తుంది, కానీ తీసుకెళ్లేది విమాన రవాణా సంస్థ అయితేనే. సొంత విమానంలో ఊరికే వచ్చిన స్నేహితుడు దాని గీతకి అవతల పడతాడు. అంటే ముప్పై అయిదు వేలు ఇచ్చి కొనుక్కున్న హక్కుని, ఇవ్వలేదని చెప్పి మన నోటితో మనమే వదిలేసుకుంటున్నాం. శ్రీకాకుళం పెద్దావిడ చేసిందీ ఇదే.

మూడోది మన జేబులో ఉన్న పాలసీ. ఇక్కడ భయపెట్టడానికి ఉన్నదానికంటే ఎక్కువ చెప్పను. టర్మ్ పాలసీ ఉంటే ప్రాణానికి ఇచ్చే అసలు మొత్తం మామూలుగా ఎక్కడికీ పోదు. చిక్కు యాక్సిడెంట్ బెనిఫిట్‌లో, వ్యక్తిగత ప్రమాద పాలసీల్లో. ప్రమాద పాలసీల్లో మామూలుగా ఉండే మాట, సరైన లైసెన్సున్న విమానంలో ప్రయాణికుడిగా తప్ప ఇంకెలా పోయినా వర్తించదు అని. డబ్బు కట్టావా లేదా అని అడగదు, విమానానికి అనుమతి ఉందా అని అడుగుతుంది. ఎల్‌ఐసీ యాక్సిడెంట్ బెనిఫిట్ షరతు ఇంకా ముచ్చటైనది. ప్రయాణికుల్ని తీసుకెళ్లే అనుమతి ఉన్న విమానం కావాలి, అదీ స్థిరపడిన విమానాశ్రయాల మధ్య ఎగురుతూ ఉండాలి. ఎన్నికలప్పుడు కాలేజీ గ్రౌండులో సున్నంతో హెచ్ అక్షరం గీసి హెలికాప్టర్ దింపుతారే, అది ‘స్థిరపడిన’ దాంట్లోకి వస్తుందా అని నేనైతే ఒక సాయంత్రమంతా వాదించగలను, ఎటువైపు నుంచైనా.

లైసెన్సున్నవి పడలేదా

పడ్డాయి. ఇక్కడే నా వాదన నాకే కుంటుతూ కనిపించింది.

2009 సెప్టెంబరు 2న రాజశేఖరరెడ్డి గారు రచ్చబండకి వస్తున్నది మా చిత్తూరు జిల్లాకే. షామియానాలు వేసి కూర్చున్నారు జనం. అది సాక్షాత్తూ ప్రభుత్వ హెలికాప్టర్, బెల్ 430, రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు. నల్లమలలో మబ్బుల్లో దూరి ఐదుగురూ పోయారు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు కైకలూరు దగ్గర చేపల చెరువులో పడిన హెలికాప్టర్‌లో పోయారు. 2025 జూన్ 15న కేదార్‌నాథ్ నుంచి తిరిగొస్తున్న హెలికాప్టర్ గౌరీకుండ్ దగ్గర కూలి ఏడుగురు పోయారు, ఒక పసిబిడ్డతో సహా. పర్మిట్ ఉన్న కంపెనీదే, టికెట్టు కొనుక్కుని ఎక్కినవాళ్లే. మబ్బుకి పర్మిట్ చూపిస్తే తప్పుకోదు.

మా అక్క, అంటే వాడి తల్లి, ఫోన్ చేసి సరిగ్గా ఇదే అడిగింది. "ఏమప్పా, దేవుడి దగ్గరికి పోతుంటే అపశకునం పలుకుతావు. కంపెనీ విమానాలు పడటం లేదా? ఆయనేమో ఇంజనీరంట, విమానాన్ని బిడ్డని చూసుకున్నట్టు చూసుకుంటాడంట." నిజమే అయుండొచ్చు. సొంత బండిని మురిపెంగా చూసుకునేవాడి కారు, మూడు షిఫ్టులు తిరిగే ట్యాక్సీ కంటే బాగుంటుందని నా వృత్తిలో నాకు తెలుసు. సౌందర్య 2004 ఏప్రిల్ 17న జక్కూరులో ఎక్కిన సెస్నా 180 లేచిన కాసేపటికే కూలినప్పుడు నేనూ అందరిలాగే ‘రాత’ అన్నాను. పలమనేరు దాటితే ముళబాగిలు, ఆ పిల్లది ఆ పక్కే, మాకు ఇంట్లో మనిషి పోయినట్టే అయింది. రాత అన్నాక కాగితాల గురించి ఎవరడుగుతారు.

అయినా రెండు రోజులు ఆలోచించాక నేను కదల్లేదు, కారణం ఇంజను కాదు. వద్దనే మనిషి ఎవరు అన్నది. పర్మిట్ ఉన్న కంపెనీలో, ఎంత చెడ్డ కంపెనీ అయినా, వాతావరణం ఇంత కంటే తగ్గితే లేవకూడదు, పైలట్ ఇన్ని గంటలు దాటి నడపకూడదు అని రాసిన పుస్తకం ఒకటి ఉంటుంది. దాన్ని తప్పితే రేపు డీజీసీఏ ముందు నిలబడాల్సినవాడు ఒకడు కుర్చీలో ఉంటాడు. పైలట్‌కి భయమేస్తే ఆ పుస్తకం వెనక దాక్కోవచ్చు. వైట్ బోర్డులో పైలట్ దేని వెనక దాక్కుంటాడు? వెనక సీట్లో ఆయన స్నేహితుడి ఉద్యోగులు, దర్శనం టికెట్టు మీద టైము ముద్రేసి ఉంది, సాయంత్రం రేణిగుంటలో మబ్బు పట్టింది, ముగ్గురికీ తెల్లారితే ఆఫీసు. డబ్బులు తీసేసుకున్నాడు. ఈ రాత్రి ఇక్కడే ఉండిపోదాం అనాలంటే ఆయన కొంచెం మొండివాడై ఉండాలి.

ఇబ్బట్సన్ సంగతి అదే అనిపిస్తుంది. నాంత్‌కి వచ్చే దారిలో ఏదో చప్పుడైందని, ఆ విమానం తేడాగా ఉందని, లైఫ్ జాకెట్ వేసుకునే నడుపుతానని ఒక స్నేహితుడికి ఫోన్లో చెప్పాడు, ఆ రికార్డింగు తర్వాతెప్పుడో బయటికొచ్చింది. సాలా కూడా విమానంలో కూర్చున్నాక, అది ఊడిపోయేలా ఉందని తనవాళ్లకి వాట్సాప్‌లో వాయిస్ మెసేజు పెట్టాడు. ఇద్దరికీ తెలుసు. అయినా ఇద్దరూ అందులోనే వెళ్లారు.

కాగితాలేంటి

మేనల్లుడికి నేను ఎక్కొద్దని చెప్పలేదు. పెళ్లయి, ఈఎంఐలు కట్టుకుంటున్నవాడికి మామ చెప్తే వినే వయసు కాదు. రెండే అడగమన్నాను, పర్మిట్ ఉందా, విమానం పాలసీలో ప్రయాణికుల కాలమ్ ఎదురుగా ఏం రాసుంది. పర్మిట్ ఉన్న ఆపరేటర్ల జాబితా డీజీసీఏ వెబ్‌సైటులోనే ఉంటుంది, విమానం తోక మీద వీటీ అని మొదలయ్యే అక్షరాలుంటాయి, చూసుకోవచ్చని కూడా చెప్పాను.

వాడు అడిగాడో, బాసుతో అడిగించాడో గానీ జవాబు మాత్రం నేను ఊహించిందే. ‘ఫ్రెండ్స్ మధ్య కాగితాలేంటి.’ వాడికి టెన్షన్ విమానం గురించి కాదు, బాసు ఏమనుకుంటాడోనని. శుక్రవారం రాత్రి కడుపునొప్పి అని మెసేజు పెట్టి ఊరుకున్నాడు. బాసుకి అబద్ధం చెప్పాల్సొచ్చిందని నా మీద అలిగాడు కూడా. "నీ వల్ల ఒక అబద్ధం మామా" అన్నాడు. ఏదో ఒక అబద్ధం ఎలాగూ చెప్పేవాడివే కదరా అన్నాను. నవ్వలేదు.

ఇంకొకటి కూడా ఒప్పేసుకుంటాను, లేకపోతే మా ఆవిడ కింద కామెంటు పెట్టేలా ఉంది. మే నెలలో మా చుట్టాలొస్తే ఎల్లో బోర్డు దొరక్క వాళ్లని కాళహస్తికి వైట్ బోర్డు ఇన్నోవాలోనే తీసుకెళ్లాను. గాజులమండ్యం దాటాక డ్రైవరు అద్దంలో నా వైపు చూసి, "సార్, ఎవరైనా ఆపితే..." అని మొదలుపెట్టాడు. తెలుసులేప్పా అన్నాను.

శనివారం పొద్దున ఎనిమిది నలభైకి మేనల్లుడి నుంచి ఫోటో వచ్చింది, వాళ్ల ఆఫీసు గ్రూపులోంచి ఫార్వర్డ్ చేశాడు. కింద ‘చూశావా మామా, దిగేశారు’ అని. వెనక సీట్లోంచి తీసింది. పైలట్ గారి బట్టతల, దాని ముందు మీటర్లు, అద్దం అవతల మంచులో తేలుతున్న ఏడుకొండలు, చాలా బాగుంది. వేళ్లతో సాగదీసి డాష్‌బోర్డు అంతా వెతికాను. చిన్న వినాయకుడి బొమ్మ ఉంది, ఎండిన తులసి దండ ఉంది, పొగని పట్టే పరికరం లాంటిదేదీ కనిపించలేదు. ఎడమ పక్క మేనల్లుడు కూర్చోవాల్సిన సీటులో కొత్త గడియారం పెట్టుకున్న ఒక చెయ్యి, ఇరవై అయిదు దాటని కుర్రాడిది, వేళ్లు రెండూ పైకెత్తి ఫోటోకి వి చూపిస్తోంది.